ఆరు సన్న ట్యూబులు

మా అన్న కుడి చెవికి తమ్మె ఉండదు. అది నా పని. నా ఎడమ భుజంలో ఎముకకి స్టీలు పట్టీ వేసి నాలుగు స్క్రూలు బిగించారు. అది అతని పని. చలి పెరిగితే నా భుజం సలుపుతుంది, అతని చెవి ఎర్రబడుతుంది. ఆ విధంగా ఏడాదిలో మూణ్ణెల్లపాటు ఒకరినొకరం తలుచుకుంటూనే ఉంటాం. అంత ప్రేమ ఎన్ని ఇళ్ళల్లో ఉంటుందో చెప్పండి.

ఇద్దరిదీ కరెంటు పనే. నేను వైర్‌మ్యాన్‌ని. అతనికి ట్యూబులు, చోకులు, స్విచ్చులు అమ్మే కొట్టు ఉంది. మా నాన్న కూడా వైర్‌మ్యానే. ఆయన పోయిన వారానికి, ఆయన పనిముట్ల సంచీ ఎవరికి చెందాలన్న దగ్గర మొదలైంది. ఆ సంచీలో ఏముందయ్యా అంటే ఒక కటింగ్ ప్లేయరు, రెండు స్క్రూడ్రైవర్లు, ఒక టెస్టరు, పిడి కదిలిన సుత్తి. పెద్దకొడుకుని నేను అన్నాడతను. పని నేర్చుకున్నది నేను అన్నాను. అతను పైపు రెంచి ఎత్తాడు. భుజం విరిగాక నా చేతులు పనిచెయ్యలేదు కాబట్టి పళ్ళు పనిచేశాయి. మేమిద్దరం నేలమీద రక్తంలో దొర్లుతుంటే మా చెల్లి వచ్చి, మమ్మల్ని దాటుకుంటూ వెళ్ళి, ఆ సంచీ తీసుకుపోయి తన మంచం కింద పెట్టుకుంది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ తర్వాత ఇల్లు మూడు ముక్కలైంది. వీధివైపు అన్నది, పెరటివైపు నాది, నడుమ రెండు గదులు చెల్లివి. ఒకదాంట్లో పడుకుంటుంది. రెండోది పాత సామాన్ల గది. పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, ఒక్క కిటికీ లేదు. మిట్టమధ్యాహ్నం కూడా దీపం వెయ్యకపోతే మన చెయ్యి మనకి కనపడదు. దానికి ఒక గోడ అన్నది, ఎదురు గోడ నాది.

మూడేళ్ళుగా నేనూ అన్నా మాట్లాడుకోలేదు. కొట్టుకున్నాం, అది వేరే లెక్క. నీళ్ళ గొట్టం దగ్గర ఒకసారి, సైకిలు అడ్డం పెట్టినప్పుడు ఒకసారి, ఏ కారణమూ లేకుండా ఒకసారి. చెప్పుకోవాల్సిన మాటలేమైనా ఉంటే చెల్లి మోసేది. చెల్లి మధ్యాహ్నం వాళ్ళింట్లో తినేది, రాత్రి మా ఇంట్లో. మా వదిన పళ్ళెం కాస్త గట్టిగా చప్పుడయ్యేలా పెడుతుంది. మా ఆవిడ చప్పుడు చెయ్యదు, నిట్టూరుస్తుంది. నలభై ఏళ్ళ మనిషి, పదకొండేళ్ళు మొక్కల నర్సరీలో పనిచేసి తన తిండి తాను తిన్న మనిషి, ఆ నర్సరీ వేరే ఊరికి తరలిపోయాక ఒక పూట చప్పుడూ ఒక పూట నిట్టూర్పూ తిని బతికింది.

ఒకరోజు రాత్రి భోజనం దగ్గర చెప్పింది, ఆ సామాన్ల గదిలో ఆకుకూర పెంచుతానని.

"మట్టేదీ?" అన్నాను.

"మట్టి అక్కర్లేదు. నీళ్ళల్లో."

"ఎండేదీ?"

"అందుకే నీ దగ్గరికి వచ్చాను, చిన్నన్నయ్యా."

ప్లాస్టిక్ గొట్టాలకి వరసగా రంధ్రాలు చేసి, ఒక్కో రంధ్రంలో ఒక్కో చిన్న బుట్ట పెట్టి, అందులో మట్టిగోళీలు పోసి, మొక్కని నిలబెడతారట. కింద తొట్టిలోంచి చిన్న మోటారు ఎరువు నీళ్ళని గొట్టాల్లోకి తోస్తూ ఉంటుంది. వేళ్ళు తడుస్తూ ఉంటాయి. ఇంక ఎండ పని ట్యూబులైట్లు చెయ్యాలి, రోజుకి పదహారు గంటలు. ఊళ్ళో ఒక పెద్ద హోటలు వంటమాస్టర్ లెట్యూస్ ఆకు తీసుకుంటానన్నాడట. ముందు అరవై మొక్కలు తెమ్మన్నాడు, ఐదో వారం గురువారం పొద్దున్న. నచ్చితే ప్రతి వారం.

"అది కుదిరిందంటే నా పొయ్యి నేను పెట్టుకుంటాను," అంది. "కుదరకపోతే నర్సరీవాళ్ళ కొత్త చోట హాస్టల్లో మంచం ఇస్తామన్నారు. పోతాను."

మా ఆవిడ నిట్టూర్చడం మర్చిపోయి చెల్లి మొహం చూసింది. చెల్లి జేబులోంచి ఒక చీటీ తీసి నాకిచ్చింది. గుండ్రటి అక్షరాలు, నర్సరీలో కుండీలకి పేర్లు రాసిన చెయ్యి. మూడు లైన్లు. సన్న ట్యూబులు ఆరు, నాలుగడుగులవి. తెల్లటి వెలుగువి, ట్యూబు చివర వెలుగు రంగు అంకె ఆరువేల ఐదువందలు అని అచ్చువేసి ఉండాలి. కొత్తవే కావాలి, కొసలు నల్లబడినవి వద్దు.

అంతే. ఎంత ఎత్తున బిగించాలో రాయలేదు. మర్చిపోయి ఉంటుందనుకున్నాను. అయినా ట్యూబులైటు ఎక్కడ బిగించాలో నాకొకరు చెప్పాలా? ముప్పై ఏళ్ళుగా బడుల్లో, ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో బిగిస్తున్నాను. ట్యూబులైటు ఉండేది పైకప్పుకి. చీటీ మడిచి టెస్టరుతోపాటు జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు సాయంత్రానికి ఆరు సన్న ట్యూబులు తెచ్చాను. బొటనవేలికన్నా సన్నం, చూడముచ్చటగా ఉన్నాయి. అన్న కొట్లో కొనలేదు, అవతలి బజారుకి వెళ్ళి కొన్నాను. నిచ్చెన వేసుకుని పైకప్పుకి డ్రిల్లు పెట్టి మూడో రంధ్రం చేస్తుంటే తలుపు దగ్గర మా అన్న. ఒక భుజం మీద లావు ట్యూబుల కట్ట, రెండో చేతిలో గొలుసులు. అతనికీ పని చెప్పిందన్నమాట.

నేను డ్రిల్లు ఆపలేదు. నిచ్చెన మీదనుంచే అతనివైపు తిప్పాను. అతను గొలుసు ఒక చుట్టు పిడికిలికి చుట్టుకున్నాడు. ఆ మోటారు హోరులో కాసేపు అలాగే చూసుకున్నాం. చెల్లి మా ఇద్దరి మధ్యకి వచ్చి నిలబడింది.

"ఎడమ గొట్టాల వరస చిన్నన్నయ్యది. కుడి వరస పెద్దన్నయ్యది," అంది. తర్వాత నావైపు తిరిగి మెల్లిగా అడిగింది. "పెద్దన్నయ్య చీటీ చూశావా?"

"వాడి చీటీతో నాకేం పని," అన్నాను, వాడికి వినపడేలా.

"కొడుకు పుట్టినట్టు మురిసిపోతున్నాడు ఆరు ట్యూబులు తెచ్చి. చెప్పు వాడికి," అన్నాడు మా అన్న, నాకు వినపడేలా.

అతను కుడివైపు వరసకి అటూ ఇటూ దూలానికి గొలుసులు వేలాడదీసి, నాలుగు లావు ట్యూబులు బాగా కిందికి, మొక్కల నెత్తిన కూర్చున్నట్టు కట్టాడు. స్విచ్చి వేస్తే పసుపురంగు వెలుగు. ఎండలాగా ఉందని వాడి మొహం వెలిగిపోయింది. నేను నా ఆరూ వేశాను. గదంతా తెల్లగా, ఆపరేషన్ గదిలా అయింది. రెండు వెలుగులూ గది మధ్యలో కలిసినచోట చెల్లి నిలబడి పైకీ కిందికీ చూసింది. ఏదో అడగబోయి మానేసింది. నేను గెలిచాననుకుని నిచ్చెన ఎత్తుకుని వెళ్ళిపోయాను.

ఆ తర్వాత నాలుగు వారాలు నేను ఆ గదిలో అడుగుపెట్టలేదు. ఊరవతల ఒక గిడ్డంగికి వైరింగు ఒప్పుకున్నాను. పొద్దున పోతే చీకటిపడ్డాకే రావడం. చెల్లి రాత్రి తినడానికి వచ్చినప్పుడు ఎలా ఉన్నాయని అడిగితే మొదట్లో "సాగుతున్నాయి" అనేది. సాగడమంటే పెరగడమే అనుకున్నాను. తర్వాత్తర్వాత "బాగున్నాయి" అనడం మొదలుపెట్టింది. ఐదో వారం వచ్చేసరికి మనిషి మొహంలోనే తేడా వచ్చింది. ఒకరోజు మా ఆవిడ వెళ్ళి చూసొచ్చి, "పువ్వుల్లా విచ్చుకున్నాయి, ఒక్కోటి రెండు చేతుల్లో పట్టదు," అంది. చెల్లి ఒక చిన్న స్టవ్ కొని తెచ్చుకుని అట్టపెట్టె కూడా విప్పకుండా మంచం పక్కన పెట్టుకుందని కూడా చెప్పింది. గురువారం హోటలుకి ఆకు వెళ్ళాక విప్పుతుందట.

బుధవారం మధ్యాహ్నం గిడ్డంగిలో కరెంటు లేక త్వరగా వచ్చేశాను. చెల్లి మర్నాటికి డబ్బాలు తేవడానికి బజారుకి వెళ్ళింది. సామాన్ల గది తలుపు తెరిచి ఉంది. నా ట్యూబుల కింద నా పంట ఎలా ఉందో చూద్దామని లోపలికి వెళ్ళాను.

ముప్పై మొక్కలు. మా ఆవిడ చెప్పింది నిజమే. లేతాకుపచ్చ, అంచులు ముడతలు ముడతలుగా, నీళ్ళ చుక్కలు నిలబడి. గర్వంతో నా ఛాతీ పొంగింది. అప్పుడు చూశాను, నా వరస గొట్టాల బల్ల కాళ్ళ కింద ఇటుకలు. ఒకటి కాదు రెండు కాదు, ఒక్కో కాలు కింద నిలువెత్తు దొంతర. బల్ల మొత్తాన్ని నా ట్యూబుల దాకా ఎత్తి నిలబెట్టారు. నా ఎత్తు తప్పని, నాకు పని రాదని, ఇల్లంతటికీ చూపించినట్టు ఉంది నాకు. ఇటుకలు పగలగొట్టిన పాత గోడవి, అన్న వైపు గుట్టగా పడి ఉండేవి. ఇంకెవరు చేస్తారు? నా ఒళ్ళు మండిపోయింది.

సరిగ్గా అప్పుడే మా అన్న కూడా వచ్చాడు. కొట్టు మధ్యాహ్నం మూసినట్టున్నాడు. అతను నన్ను చూడలేదు, తన వరసవైపు చూశాడు. ట్యూబులు బిగించే తన పట్టీల్లో తన పసుపు ట్యూబులు లేవు. తెల్లవి ఉన్నాయి. పసుపువి నాలుగూ పాత కాగితాల్లో చుట్టి మూలన నిలబెట్టి ఉన్నాయి. అతను వెళ్ళి ఆ కాగితం విప్పి చూసి, తర్వాత నన్ను చూశాడు.

"నా దీపాలు పీకేస్తావురా," అన్నాడు.

మూడేళ్ళలో నాతో నేరుగా అన్న మొదటి మాట అది.

"నా బల్ల కింద ఇటుకలు పెడతావా," అన్నాను.

ఎవరం జవాబు కోసం ఆగలేదు. అతను చేతిలో ఉన్న లావు ట్యూబుతోనే నా నెత్తిమీద కొట్టాడు. ట్యూబు పగిలితే బెలూను పేలినట్టు టప్ మంటుంది, లోపలి తెల్లపొడి పొగలా లేస్తుంది. కళ్ళు మూసుకునే ముందు ఆ పొడి నా పక్కనున్న ఆకుల మీద వాలడం చూశాను. చూసి కూడా వాడి గొంతు పట్టుకున్నాను.

వాడు మోకాలితో నా పొట్టలో పొడిచాడు. నేను వాణ్ణి నా వరస మీదికి తోశాను. ఇటుకల మీదున్న బల్ల ఊగింది, గొట్టం ఒకటి ఊడి ఎరువు నీళ్ళు మా ఇద్దరి మీదా కారాయి. వాడు నా భుజం వెతుక్కున్నాడు. స్క్రూలు ఎక్కడున్నాయో వాడికి బాగా తెలుసు, అక్కడే పిడికిలితో గుద్దాడు, మూడుసార్లు, ఒకే చోట. నేను వాడి జుట్టు పట్టి మొహాన్ని తొట్టిలో ముంచాను. బుడగలు వచ్చాయి. ఎంతసేపు పట్టుకున్నానో నాకు తెలీదు. ఇంకొంచెం సేపు పట్టుకోవాలనిపించిన సంగతి మాత్రం తెలుసు. ఆ మాట ఇక్కడ చెప్పకపోతే మిగిలినవేవీ చెప్పే అర్హత నాకు లేదు.

వాడు వెనక్కి తన్నాడు, నా మోకాలు జారింది. వాడు లేచి, ముక్కులోంచి నీళ్ళూ రక్తమూ కారుతుండగా, పైన వేలాడుతున్న గొలుసు లాగాడు. వాడి పట్టీ ఒకటి ట్యూబులతో సహా ఊడి మా మధ్య పడింది. నేను నిచ్చెన లేకపోయినా ఇటుకల మీదికెక్కి నా పట్టీ అందుకుని పీకాను. వైరు తెగి నిప్పురవ్వలు రాలాయి. కింద నీళ్ళు. ముప్పై ఏళ్ళ అనుభవమున్న వైర్‌మ్యాన్‌ని, తడి నేల మీద నిలబడి తెగిన వైరు చేతిలో పట్టుకున్నాను. చెయ్యి జివ్వుమంది, పళ్ళు కరుచుకున్నాయి, అయినా వదల్లేదు. ట్యూబుల్ని కర్రలు తిప్పినట్టు తిప్పాను. ఒకటి వాడి భుజం మీద పగిలింది, ఒకటి గోడకి, ఒకటి గొట్టానికి. ఎన్ని పగిలాయో తర్వాత లెక్కపెట్టాను. వాడు పగలగొట్టినవి మూడు, నేను పగలగొట్టినవి ఏడు.

చెల్లి ఎప్పుడు వచ్చిందో మేం చూడలేదు. మా మధ్యకి రాలేదు. మమ్మల్ని విడదియ్యాలని కూడా చూడలేదు. చేతిలో డబ్బాలు అక్కడే పడేసి, వంగి, ఇంకా నిలబడి ఉన్న గొట్టంలోంచి మొక్కల్ని ఒక్కొక్కటే బుట్టతో సహా తీసి తలుపు బయట పెడుతోంది. నాలుగు పెట్టింది. ఐదోదాని కోసం చెయ్యి చాపింది. అప్పుడు నా చేతిలో మిగిలింది ట్యూబు లేని వట్టి పట్టీ, పైన వెలుగు కిందికి కొట్టడానికి వేసే రేకుతో సహా. దాన్ని రెండు చేతులతో అన్న మొహం మీదికి విసిరాను. అన్న వంగాడు.

ఆ దెబ్బ నాది. అన్నది కాదు. రేకు అంచు చెల్లి ఎడమ మణికట్టు పక్కనుంచి అరచేతిలోకి దిగింది.

అది అరవలేదు. రెండో చేత్తో గోడమీది మెయిన్ ఆపింది. గది చీకటైపోయింది. ఆ చీకట్లో కూడా మేం ఇద్దరం ఇంకో నాలుగు దెబ్బలు కొట్టుకున్నాం, సిగ్గులేని వెధవలం.

"అయిందా?" అంది చెల్లి.

ఆస్పత్రిలో దానికి పదిహేడు కుట్లు పడ్డాయి. ఎలా తగిలిందని డాక్టరు అడిగితే "ట్యూబులైటు మారుస్తుంటే" అని చెప్పింది. డాక్టరు దాన్ని చూశాడు, తర్వాత వరండాలో బెంచీకి ఆ చివరా ఈ చివరా కూర్చున్న మమ్మల్నిద్దర్నీ చూశాడు. నా నెత్తిన గాజు, అన్న ముక్కు వాచి బుగ్గల మీదికి వచ్చేసింది. ఆయన ఇంకేమీ అడగలేదు. చిటికెనవేలూ ఉంగరపువేలూ ఇక ముడుచుకోవని మాత్రం చెప్పాడు, నరం తెగిందట.

నేను దాని మంచం దగ్గరికి వెళ్ళాను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. నోటికి వచ్చింది వేరే.

"ఆ ఇటుకలు అన్నే పెట్టాడు కదా," అన్నాను.

"నేను పెట్టాను," అంది. "నీ ట్యూబులు సరైనవే, అన్నయ్యా. కానీ ఐదడుగుల పైన పెట్టావు. మొక్కలు వెలుగు అందక దారాల్లా సాగిపోయాయి. నువ్వు దింపవు. అందుకని నేను మొక్కల్ని ఎక్కించాను."

తలుపు దగ్గర అన్న నిలబడి ఉన్నాడు. దాని చూపు అతనివైపు తిరిగింది.

"నీ ట్యూబులు కూడా నేనే మార్చాను, పెద్దన్నయ్యా. ఎత్తు బాగానే పెట్టావు. రంగే తప్పు. కొట్లో అమ్ముడుపోనివి తెచ్చావు."

అన్న గోడవైపు చూశాడు. చెల్లి కళ్ళు మూసుకుని, "మీ ఇద్దరి చీటీలూ నాకు తిరిగి ఇచ్చెయ్యండి," అంది.

గురువారం పొద్దున్న, కట్టుకట్టిన చెయ్యి మెడకి వేలాడేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, చెల్లి ఒంటిచేత్తో అరవై మొక్కల్నీ సంచుల్లో కుక్కింది. బయట పెట్టిన నాలుగింటితో సహా. కడిగితే పోదా అని గుమ్మం దగ్గరనుంచి అడిగాను.

"ఆ పొడి విషం, అన్నయ్యా. నీకు తెలియదా? ఒక్క గాజుముక్క ఎవరి గొంతులోనో దిగితే?"

నాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా పగిలిన ట్యూబుల్ని పిల్లలకి దూరంగా పెట్టమని అందరికీ చెప్పేవాణ్ణి నేనే. లోపలికి రానా అన్నాను. వద్దంది. వంటమాస్టర్‌కి ఫోన్ చేసింది. గురువారమంటే గురువారమే కదమ్మా అన్నాడట, వేరేవాళ్ళకి చెప్పుకున్నాడట. ఇంకో ఐదు వారాలు ఆగి తెస్తే చూస్తాను గానీ మాట ఇవ్వను అన్నాడట.

ఆ తర్వాత మూడు రోజులు అది మా ఇంటికీ రాలేదు, వాళ్ళింటికీ పోలేదు. మా ఆవిడ ఒక పళ్ళెం పట్టుకెళ్ళి దాని గుమ్మం ముందు పెట్టింది. పక్కనే మా వదిన పెట్టిన పళ్ళెం. రెండూ అలాగే ఉండిపోయాయి. లోపల బట్టల సంచీ సర్ది ఉందని మా ఆవిడ చూసి చెప్పింది. హాస్టల్ మంచానికి పోతుందని నాకు అర్థమైంది. చెల్లి లేని ఆ రెండు గదులు, వాటికి అటు అన్న, ఇటు నేను. ఆలోచిస్తేనే భయం వేసింది. నిజంగా భయం. వాణ్ణి చంపకుండా నన్ను, నన్ను చంపకుండా వాణ్ణి ఇన్నాళ్ళూ ఆపింది ఆ గోడలు కాదు.

నాలుగో రోజు పొద్దున్న ఒక కొత్త వైర్‌మ్యాన్ అట్టపెట్టె మోసుకుంటూ వచ్చి, నా కళ్ళముందే చెల్లి సామాన్ల గదిలోకి వెళ్ళాడు. నా ఇంట్లో, నేనుండగా, ఇంకో వైర్‌మ్యాన్. నాకు ఒళ్ళు తెలియలేదు. వెళ్ళి వాడు ఎక్కిన నిచ్చెన రెండు చేతులతో పట్టుకున్నాను. ఒక్క లాగు లాగితే వాడు కింద ఉంటాడు. వాడు పైనుంచి తల తిప్పాడు, నన్ను కాదు, నా వెనకున్న చెల్లిని చూశాడు.

"ఎంత ఎత్తున పెట్టమంటారమ్మా?"

"ఆకు కొసనుంచి ఆరంగుళాలు. గొలుసుతో వేలాడదియ్యండి. మొక్క పెరిగేకొద్దీ పైకి జరుపుకోవాలి," అంది చెల్లి.

నిచ్చెన వదిలేశాను. ముప్పై ఏళ్ళ పనిలో నేను ఎవర్నీ ఆ ప్రశ్న అడగలేదు. చెల్లి కట్టులోంచి బయటికి వచ్చిన రెండు వేళ్ళు వంగకుండా నిటారుగా ఉన్నాయి. వాటివైపు చూడలేక బయటికి వచ్చేశాను.

సాయంత్రం కిరసనాయిలు వాసనలాంటిదేదో వస్తే వెళ్ళి చూశాను. పడకగది తలుపు కొంచెం తెరిచి ఉంది. స్టవ్ అట్టపెట్టె విప్పేసి ఉంది. బట్టల సంచీ లేదు, బట్టలు మళ్ళీ కొక్కేలకి వేలాడుతున్నాయి. పోవడం లేదు. పక్క గది తలుపుకి మాత్రం లోపలినుంచి కొత్త గొళ్ళెం పడింది. మోటారు మెల్లిగా తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. తలుపు బయటివైపు, మనిషి కళ్ళ ఎత్తున, రెండు చీటీలు పక్కపక్కన అంటించి ఉన్నాయి.

అన్న అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. ముక్కుమీద ప్లాస్టరుతో, చేతులు వెనక్కి కట్టుకుని చదువుతున్నాడు. నన్ను చూసి పోలేదు. నేనూ పోలేదు.

అతని చీటీలో ఇలా ఉంది. ఆకులకి ఆరంగుళాల పైన ఉండాలి, ఎక్కువ వద్దు. పైకప్పుకి కాదు, గొలుసులతో వేలాడాలి. రోజుకి పదహారు గంటలు వెలిగి ఆగిపోయే టైమరు కావాలి. ట్యూబులు ఎలాంటివో ఒక్క ముక్క లేదు. ఆ ముక్క నా చీటీలో ఉంది. నా చీటీలో లేని ఎత్తు అతని దాంట్లో ఉంది. చెల్లి ఒకే జాబితాని రెండు చీటీలుగా విడదీసి మా ఇద్దరికీ పంచింది.

నా చీటీ మూడు లైన్లని ఇందాక మీకు చెప్పాను. అబద్ధం చెప్పాను. నాలుగు లైన్లు. నాలుగోది నేను అప్పుడే చదివాను, చదివి ఆ లైను దగ్గరే చీటీ మడిచాను. మడత గీత ఇప్పటికీ కనపడుతోంది. మిగతాది పెద్దన్నయ్య చీటీలో ఉంది, అడుగు. అని ఉంది. అన్న చీటీలో కూడా నాలుగో లైను ఉంది. మిగతాది చిన్నన్నయ్య చీటీలో ఉంది, అడుగు. దాని మీదా మడత ఉంది, సరిగ్గా అక్కడే.

"నువ్వు అప్పుడు చదివావా, ఆ ఆఖరిది?" అని అడిగాడు అన్న. గొంతు బొంగురుగా ఉంది, నా వేళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి దానిమీద.

"చదివాను."

"నేనూ చదివాను," అన్నాడు.

ఇద్దరం అక్కడే నిలబడ్డాం. తలుపు కిందనుంచి తెల్లటి వెలుగు వచ్చి మా నాలుగు పాదాల మీద పడింది. చెల్లి మా మాటలు వినే ఉంటుంది, అంత దగ్గర్లోనే ఉంది. అన్న తలుపు మీద వేలితో మెల్లిగా రెండుసార్లు తట్టాడు. నేను చెల్లిని పేరు పెట్టి పిలిచాను. లోపల మోటారు తిరుగుతూనే ఉంది. గొళ్ళెం మాత్రం తియ్యలేదు.